క్షేమంగా మైదానం దాటి వచ్చిన ఫెర్గస్ క్విలిగన్ గారు

2010 నవంబరు పద్దెనిమిదవ తేదీన, ఇంకా మీసకట్టు సరిగా రాని ప్రాయంలో, శ్రీ ఫెర్గస్ క్విలిగన్ గారు మన యారన్‌బూల్ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ క్లబ్బులో వృత్తి క్రీడాకారులుగా చేరారు. గిప్స్‌లాండ్‌లో పాడి పరిశ్రమే జీవనాధారమైన కుటుంబంలో జన్మించి, తెల్లవారకముందే ఆవుల పాలు పితికి ఆ తర్వాతే బంతి పట్టిన వారికి, మన శిక్షకులు విధించిన కఠోర సాధన విశ్రాంతిగానే తోచిందట. నాటి నుంచి నేటి వరకు జట్టు ఫిజియోథెరపిస్టుగా వారి మోకాళ్లనూ భుజాలనూ నా చేతులతో ఎరిగిన నాకు, ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కినందుకు ధన్యురాలిని.

తొలి రెండు సంవత్సరాలు రెండవ శ్రేణి జట్టులో ఓర్పుతో నిరీక్షించిన అనంతరం, గోల్‌స్తంభాల ముందు నిలిచే ఫుల్‌బ్యాక్ స్థానం వారిని వరించింది. మరుసటి ఏడే మోకాటి స్నాయువు తెగి ఏడాదిపాటు ఆటకు దూరమైనా, ఆ కాలంలో ఒక్కనాడైనా విసుగు కనబరచక, నొప్పి భరించలేనప్పుడు మాత్రం నన్ను తిట్టి, వెంటనే క్షమాపణ చెప్పేవారు. కోలుకుని తిరిగి వచ్చాక ప్రత్యర్థుల మేటి గోల్‌వీరులను నిలువరించి, సహచరుల ఏకగ్రీవ నిర్ణయంతో నాయకత్వ బాధ్యతను స్వీకరించారు.

వారి వ్యక్తిత్వానికి అద్దం పట్టే సంఘటన మూడేళ్ల క్రితం, సెమీఫైనల్‌నాడు జరిగింది. నాలుగు క్వార్టర్ల ఆటలో రెండవ క్వార్టర్ చివర గాలిలోకి ఎగిరి చేతులతో బంతి అందుకోబోయిన క్విలిగన్ గారి కణతకు ప్రత్యర్థి మోకాలు బలంగా తగిలింది. విరామ సమయంలో వైద్యురాలు డాక్టర్ వర్డాకిస్ గారు వారిని గదిలో కూర్చోబెట్టి పరీక్షించారు.

"నేనెవరిని ఫెర్గస్?"

"ఎవరేంటి డాక్టర్, సందు దొరికితే నన్ను సూదితో పొడిచే మనిషి."

అందరం నవ్వాము. అంకెలు వెనక్కి చెప్పారు, ఒంటికాలిపై తూలకుండా నిలబడ్డారు. వైద్యురాలు తృప్తిగా తల ఊపబోతుండగా, వారే చేయి అడ్డుపెట్టారు.

"ఆగండి డాక్టర్. ఈ ప్రశ్నలన్నీ నాకు బట్టీ వచ్చు. కానీ ఇందాక మనం ఏ వైపు గోల్‌కి ఆడామో నాకు గుర్తురావట్లేదు."

తలుపు దగ్గర నిలబడిన మన కోచ్ నెవ్ ట్రాంటర్ గారి ముఖం పాలిపోయింది. "ఒరే క్విల్లీ, అదో పెద్ద విషయమా? ఇవాళ గెలిస్తే వచ్చే శనివారం గ్రాండ్ ఫైనల్‌రా! తలదెబ్బ అని పేరు రాసుకుంటే పన్నెండు రోజులు ఆడనివ్వరు నిన్ను."

"తెలుసు కోచ్. మా నాన్న కూడా ఊళ్లో ఆడినన్నాళ్లూ తలకి దెబ్బ తగిలినా ఇట్లాగే దులుపుకుని లేచేవాడు. ఇప్పుడు సొంత పొలంలోనే ఇల్లెటో తెలీక నిలబడిపోతున్నాడు. నాకిద్దరు ఆడపిల్లలు కోచ్."

ట్రాంటర్ గారు తలుపు వేసి వచ్చారు. పక్కనే కూర్చుని, "సరేలేరా. బూట్లు విప్పేయ్," అని, తామే వంగి లేసులు ఊడదీశారు.

ఆ రోజు గెలిచాము. మరుసటి శనివారం క్విలిగన్ గారు లేకుండానే కప్పునూ గెలిచాము. ఆడినవారికి మాత్రమే దక్కే పతకం కనుక, పదిహేనేళ్లు శ్రమించిన ఈ నాయకునికి అది లేదు. వారి స్థానంలో ఆడిన టేట్ డన్‌స్టర్ తన పతకాన్ని తీసి వారి మెడలో వేయబోతే, "ఉంచుకోరా, నువ్వు ఆపిన గోల్స్‌కి వచ్చిందది. నేను సూటేసుకుని స్టాండులో కూర్చుని మీట్ పఫ్ తిన్నానంతే," అని నవ్వుతూ వారించారు. స్టాండులో నా పక్కనున్న వారి సతీమణి ఇమోజెన్ గారు మాత్రం కన్నీళ్లు తుడుచుకుంటూ, "అందరూ కప్పు వచ్చిందని ఏడుస్తున్నారు, నేను ఈయన నా పక్కన కూర్చున్నాడని ఏడుస్తున్నాను," అన్నారు. ఆ మాట విన్నాక నేను కూడా కప్పు వైపు చూడలేదు.

పిదప మూడు సీజన్లు, ఆ శిరస్సుకు మరొక దెబ్బ తగలకుండా ఆడారు. ప్రతి శనివారం చివరి సైరన్ మోగేవరకు ఊపిరి బిగబట్టి కూర్చున్నది ఇమోజెన్ గారొక్కరే కాదని నేడు నిస్సంకోచంగా చెప్పగలను. గత ఆగస్టులో జోరువానలో జరిగిన వారి ఆఖరి ఆటలో మనం ఓడినా, సహచరులు వారిని భుజాలకెత్తుకున్నప్పుడు, "జారుతోందిరా, దించండి! ఇన్నాళ్లు కాపాడుకున్న బుర్ర మీరు పగలగొట్టేట్టున్నారు!" అని వారు పెట్టిన కేకకు మైదానమంతా నవ్వింది. పోయిన వారం వచ్చిన వైద్య నివేదికలో ఏ లోపమూ లేదని డాక్టర్ వర్డాకిస్ గారు ఫోనులో చెప్పగానే, మా గదిలో అందరమూ ఒక్కసారిగా కుర్చీల్లో వెనక్కి వాలాము.

క్విలిగన్ గారు ఇకపై పాడిపశువుల నడుమ, తండ్రిగారిని చేయిపట్టి ఇంటికి నడిపిస్తూ, అర్ధాంగితోను కుమార్తెలతోను శనివారాలను నిర్భయంగా గడపాలనీ, దృఢమైన దేహంతో, చెదరని జ్ఞాపకంతో దీర్ఘకాలం జీవించి, మనుమలూ మనుమరాండ్రూ చుట్టూ మూగిన నాడు ఒక్కొక్కరినీ తడుముకోకుండా పేరుపెట్టి పిలవాలనీ మనసారా కోరుకుంటున్నాను.