లాన్వెనెక్ చర్చి జెండా

నొప్పులు మొదలైన కోడలు అజెనోర్‌ను వ్యానులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు గుల్వెన్. కొడుకు చేపల పడవ మీద సముద్రంలో ఉన్నాడు. వ్యాను మాత్రం ఇంకా లాన్వెనెక్ పొలిమేర దాటలేదు.

"మామయ్యా, ఈ చర్చి ఇందాకే చూశాం."

"అన్ని చర్చిలూ ఒకేలా ఉంటాయమ్మా."

"ఊళ్లో ఉన్నదే ఒక్కటి! గుమ్మం ముందు పాదిరిగారి సైకిలు కూడా అదే."

"ఆ దారిలో ఆవులు అడ్డొస్తాయని ఇటు తిప్పా."

"ఆవులా? ఇది పాలు పితికే వేళ, అన్నీ కొట్టాల్లోనే ఉంటాయి. అమ్మో... అబ్బా..."

"ఊపిరి పీల్చు తల్లీ. తొలికాన్పు కదా, తొందరేం లేదు."

"నాకుంది తొందర! నిజం చెప్పండి. ఎందుకిలా గానుగెద్దులా తిరుగుతున్నారు?"

"ఏం లేదు."

"మామయ్యా."

"ఏం లేదంటే... వాడు పొలిమేర లోపల పుడితే బాగుంటుందనీ..."

"ఏమిటీ!"

"పార్దోన్ తిరునాళ్ల ఊరేగింపులో మన చర్చి జెండా ఈ ఊళ్లో పుట్టినవాళ్లే మోయాలి కదా. ఇప్పుడందరూ పట్నం ఆసుపత్రిలోనే పుడుతున్నారాయె. మోసేవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. పోయినేడు ఎదురొచ్చిన పక్కూరి జెండాకి ఆనవాయితీ ప్రకారం మన జెండాతో ముద్దు పెట్టించబోయి వంగానా, నడుము పట్టేసింది. ఇక నావల్ల కాదు. అది బీరువాలో చిమ్మెటల పాలే."

"అందుకని నన్ను వ్యానులో కనమంటారా? వీడు పుట్టి, పెరిగి, జెండా ఎత్తేదాకా ఎవరు మోస్తారు? మీరా?"

"...అదీ నిజమే. అంత దూరం ఆలోచించలేదు."

"మామయ్యా!"

"తప్పైపోయిందమ్మా. నా బుద్ధి గడ్డి తింది. గట్టిగా పట్టుకో, పోనిస్తున్నా."

"హమ్మయ్య. ఊరి బోర్డు దాటేశాం... ఏడుస్తున్నారా?"

"లేదమ్మా. కంట్లో నలుసు పడింది."

"మామయ్యా, నేనెక్కడ పుట్టాను?"

"ఇప్పుడిదేం ప్రశ్న? మీ అమ్మ వంటింట్లో. మంచుకి దారులన్నీ మూసుకుపోతే, మంత్రసానిని ట్రాక్టరు మీద తెచ్చింది నేనే కదా!"

"ఆ వంటిల్లు ఏ ఊళ్లో ఉంది?"

"ఏ ఊరేమిటి, మన ఊళ్లో. మన... ఓరి దేవుడా! కానీ జెండా ఆడవాళ్లు..."

"మోయకూడదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఎవరూ అడగనూ లేదు. అజెనోర్... నువ్వు మోస్తావా?"

"మోస్తాను. ముందు ఈ బరువు దించుకోనివ్వండి!"