‘సల్లవడ్డది’ అన్న మాట విన్న జయపాల్ గారు

1994 జూన్ 20వ తేదీన మన ప్రకృతి చికిత్సా కేంద్రం గద్వాల శాఖలో మర్దన సహాయకులుగా చేరిన శ్రీ జయపాల్ గారు, ముప్పై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ జూలై 31న ఆక్యుపంక్చర్ విభాగ ప్రధాన చికిత్సకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని సంచిక బాధ్యులు నన్ను ఆదేశించారు. ఆ మర్నాడు, శుక్రవారం నుంచి వారి చికిత్స గది బాధ్యత నాది కాబోతున్నది గనుక, ఇది రాస్తూ రాస్తూనే రెండుసార్లు లేచి వెళ్లి సూదుల పెట్టె సర్దివచ్చాను. అభినందన వ్యాసంలో భయం తొంగిచూస్తే పెద్దలు మన్నించాలి.

గద్వాలలో ఏడేళ్లు పనిచేసి, 2001లో హైదరాబాదులో సూది చికిత్సలో శిక్షణ పొందిన జయపాల్ గారు, వనపర్తి శాఖకు బదిలీ అయి, వారం వారం పాన్‌గల్, కొల్లాపూర్ శిబిరాలకు సూదుల పెట్టె ఒళ్లో పెట్టుకొని బస్సులో వెళ్లి వచ్చేవారు. మోకాళ్లు అరిగిన రైతులకూ, ముంబైలో మట్టి మోసి నడుము వంగి తిరిగొచ్చిన కూలీలకూ వారు ‘సన్నసూదుల సారు’ అయ్యారు. 2012లో నాగర్‌కర్నూల్‌లో ఈ విభాగం ప్రారంభమైనప్పుడు దాని బాధ్యత ఎవరికివ్వాలన్న చర్చే జరగలేదు. ఆరేళ్ల కిందట నేను వారికి సహాయకురాలిగా చేరాను.

సూది గుచ్చడం నెలరోజుల్లో వస్తుందనీ, రోగి మాట వినడం రావడానికే ఏళ్లు పడుతుందనీ మొదటి రోజే చెప్పారు. లోతున బరువెక్కినట్టు, గుంజినట్టు, తిమ్మిరి మెల్లగా పాకినట్టు అనిపిస్తే సూది పట్టిందని అర్థం. సుర్రుమని మండినా, కరెంటు కొట్టినట్టు జిల్లుమన్నా వెంటనే వెనక్కి తీయాలి. ఇంతవరకు పుస్తకాల్లోనూ ఉంటుంది. కానీ మన దగ్గర ఎట్లున్నదని అడిగితే, సారు నొచ్చుకుంటారేమోనని రోగులు పళ్లు బిగించి మరీ ‘మంచిగున్నది’ అంటారు. అది జవాబు కాదని, మర్యాద అని జయపాల్ గారు నాకు నేర్పారు. నేర్చుకున్నాననే అనుకున్నాను.

చేరిన రెండో ఏడు, కోడేరు నుంచి హన్మమ్మ గారు భుజం నొప్పితో వచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి నేనే సూదులు పెట్టాను. కాసేపటికి ఎట్లున్నదని అడిగితే, “సల్లవడ్డది బిడ్డా,” అన్నారు. నా సంతోషానికి హద్దు లేదు. చీటీ మీద ‘ఉపశమనం’ అని రాసి పక్క మంచం వైపు తిరిగాను. తెర అవతల వేరొకరి నాడి చూస్తున్న జయపాల్ గారు ఆ గొంతు విని పరుగున వచ్చారు. అప్పటికే ఆమె నుదుట చెమట పట్టి, పెదవులు పాలిపోయి ఉన్నాయి. గబగబా సూదులన్నీ తీసి, పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టారు. ఆమె కళ్లు తెరిచేదాకా నా ప్రాణం నాలో లేదు.

ఆమె తెప్పరిల్లి లేచి కూర్చున్నాక చక్కెర నీళ్లు తాగిస్తూ, పొద్దున ఏమైనా తిన్నారా అని వారు అడిగారు.

“లే సారు. సూది అంటిరి గద, రకుతం తీస్తరనుకొని పరగడుపున్నే వచ్చిన.”

జయపాల్ గారు నన్ను కోప్పడలేదు. ఆమె వెళ్లాక ఒక్కటే అడిగారు. “నొప్పి సల్లవడ్డదా, పానం సల్లవడ్డదా? అడిగినవా మనీషా?”

నొప్పి తగ్గినా, ఒళ్లు చల్లబడి కళ్లు తిరుగుతున్నా మన దగ్గర అనేది ఆ ఒక్క మాటే. నేను అడగలేదు. ఆ తర్వాత పది రోజులు సూది పట్టలేకపోయాను. పదకొండో రోజు వారు తమ చెయ్యి చాచి, పెట్టమన్నారు. ఆ రోజు నుంచి ప్రతి సోమవారం ఆ చెయ్యే నా పాఠ్యపుస్తకం. ఇప్పటికీ ఎవరైనా ‘సల్లవడ్డది’ అంటే నాకు ముందు భయమే వేస్తుంది. శుక్రవారం తెర అవతల వినే మనిషి ఉండరన్న తలపుతో ఈ నెలంతా నిద్ర సరిగా లేదు.

మొన్న సోమవారం, వీడ్కోలు హడావుడి మధ్యనే, వారు చివరిసారి చెయ్యి చాచారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూది పెట్టి, ఎట్లున్నది సార్ అన్నాను.

“మంచిగున్నది,” అన్నారు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆ మాటను నమ్మని మనిషి ఆ మాటే అన్నారు. వారి ముఖం చూశాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. మరో మాట లేకుండా సూది తీసేశాను.

“పొద్దున తిన్నరా సార్?”

 వారు చిన్నపిల్లవాడిలా తల అడ్డంగా ఊపారు. నేను తెచ్చిన టీ, బిస్కెట్లు తీసుకుంటూ, “ఇగ నాకు రంది లేదు,” అన్నారు.

నాకు మాత్రం ఉన్నది సార్, ఉంటుంది కూడా. ఆ రందే, ఆ దిగులే, మీరు నాకిచ్చిన విద్య అనుకుంటాను. వారి శ్రీమతి లలితమ్మ గారికి మా అందరి మనవి ఒక్కటే: వారు ‘మంచిగున్నది’ అంటే నమ్మకండి, తిన్నారో లేదో అడగండి. జయపాల్ గారు వేళకు భుజిస్తూ, వెచ్చని చేతులతో, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని, ఆ చెయ్యి ప్రతి సోమవారం నాకు అందుతూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.