ఎవర్నీ అడక్కర్లేని ఇల్లు

నన్నొదిలెయ్యండి అమ్మగారూ. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ కూటమప్పుడు లేచి నుంచుని సాక్ష్యం చెప్పమంటే నేనేం చెబుతానండి? "సరోజినిని చూడండి, కువైట్‌లో కష్టపడింది, తన కాళ్ళ మీద తను నిలబడింది, రాజోల్లో మేడ కట్టింది" అని మీరే చెప్పేయండి. పాస్టరుగారి భార్య చెబితే కాదనేదెవరు?

మాటలు రాక కాదండి. చెప్పడానికి ఏమీ లేదు.

కూర్చోండి, ఆ సోఫాలోనే. దాని కవరింకా తియ్యలేదు, చప్పుడవుతుంది. ఏమీ అనుకోకండి.

మొదట్నించీ చెప్పమంటారా? ఆయ్, చెబుతాను. మా ఆయన ఏలీయా పోయేక మా బావగారి పంచన ఉన్నాను కదండి. అన్నం పెట్టేరు, ఒక్క మాట అనలేదు. అబద్ధమెందుకు? కానీ తలనొప్పి మాత్ర కావాలన్నా మా తోడికోడల్నే అడగాలి. ఆవిడ బీరువా తీసేది. తీసినంతసేపూ నేను గుమ్మం బయట నుంచునేదాన్ని. అంతేనండి. ఇక జన్మలో ఎవర్నీ ఏదీ అడక్కూడదని, అందుకే కువైట్ వెళ్ళేను.

అక్కడ మనవాళ్ళు జీతం రాగానే గొలుసులు కొనేవారు, సెంట్లు కొనేవారు. నేను మాత్రం ఏది చూసినా "సరోజినీ, ఇది నీకు కావాలా?" అని నన్ను నేనే అడిగేదాన్ని. అక్కర్లేదు అని నేనే చెప్పేదాన్ని. ఎన్నేళ్ళండీ! పిసినారి అని నవ్వేవారు. నవ్వితే నవ్వేరు, అక్కర్లేదన్న ఆ మాటే ఈ ఇల్లు కట్టింది.

మరిప్పుడో? మొన్న అమలాపురం వెళ్ళేను. కొట్టతను చీరలు పరిచేడు. బావున్నాయండి. కావాలా? అక్కర్లేదు. ఇంకోటి? అదీ అక్కర్లేదు. బస్సెక్కి వచ్చేసేను.

చేపల బండి అతను వీధిలో ఆపుతాడు. చందువాలున్నాయి, గొరకలున్నాయి, ఏం తినాలనుందమ్మా అంటాడు. ఏం తినాలనుందో నాకు తెలీదండి. నిజంగా తెలీదు. అక్కడ నేను పనిచేసే ఇంట్లోవాళ్ళు తినగా మిగిలింది తినేదాన్ని. ఇక్కడ మిగల్చడానికి ఎవరున్నారు?

ఏడవట్లేదండి, కంగారు పడకండి. ఏడుపొస్తే బాగుండును. చెయ్యి కింద పెట్టుకు పడుకుంటే తిమ్మిరెక్కి గిచ్చినా తెలీదు చూడండి, లోపలంతా అలాగే ఉంది.

మీకో నవ్వొచ్చే సంగతి చెప్పనా? ఇల్లు మొదలెట్టేటప్పుడు సత్యం మేస్త్రి "ప్లాను ఎలా కావాలండి" అని అడిగేడు. నాకేం తెలుసండి ప్లాన్లు? లోపలా బయటా నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే, కువైట్లో మా మేడమ్‌ది. ఇసకలో పుల్లతో గీసి చూపించేను. ఇదిగో హాలు, ఇదిగో వంటిల్లు, దాని వెనకాల ఇంత గది, కిటికీ పైన. "సామాన్ల గదాండీ?" అన్నాడు. ఆయ్, అనేసేను. గీసేటప్పుడైనా తోచలేదు.

గృహప్రతిష్ఠ రోజున అయ్యగారు ప్రార్థన చేసేరు, అందరూ భోంచేసి వెళ్ళేరు. నేను పక్కచుట్ట చంకలో పెట్టుకుని నడిస్తే కాళ్ళు తిన్నగా ఆ గదిలోకే పోయేయి. అక్కడ నేను పడుకున్న పనిమనిషి గదండీ అది! నా డబ్బుతో, నా ఇంట్లో, నేనే కట్టించుకున్నాను.

అందులోనే పడుకుంటున్నానండి. మీతో కాక ఎవరితో చెప్పుకోను? పెద్ద గదిలో టేకు మంచం ఉంది, ఏసీ ఉంది. పడుకుని చూసేను. ఎవరో వచ్చి లెగమంటారని ఒకటే బెంగ. ఎవరొస్తారండీ, తాళాలు నా దగ్గరుంటేనూ!

అలా చూడకండమ్మగారూ. మళ్ళీ కువైట్ పోనులెండి. ఈ వయసులో నన్నెవరు పిలుస్తారు? బావగారింటికీ పోను. ఈ ఇల్లు నాది. బావుంది. వాన కారట్లేదు.

కూటంలో డబ్బెలా దాచాలో చెప్పమంటే చెబుతాను. కొత్తగా సంపాదనలో పడ్డ మన శారోన్ లాంటి పిల్లలు వింటే బాగుపడతారు. ఏది కొనబోయినా, ఇది నాకు కావాలా అని అడిగి చూసుకోమంటాను. ఆ అడగడం ఎప్పుడు ఆపాలో మాత్రం నాకు తెలీదు. అది తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేత చెప్పించండి సాక్ష్యం.

వెళ్ళిపోతున్నారా? ఒక్క నిమిషమండి. ఒకటి అడగాలి. అడగడం అలవాటు తప్పిపోయింది, ఎలా మొదలెట్టాలో తోచట్లేదు.

చర్చి తుడిచే మరియమ్మకి మోకాళ్ళ నొప్పులటగా. ఆ పని నాకు చెప్పండి. జీతం వద్దండి, ఆవిడ జీతం ఆవిడకే ఇవ్వండి. శనివారం రమ్మంటే శనివారం వస్తాను, తెల్లారకుండా రమ్మంటే తెల్లారకుండా వస్తాను. ఎన్నింటికి లెగాలో మీరు చెబితే చాలు.

తుడిచేక వచ్చి చూడండి. "సరోజినీ, ఆ మూల దుమ్ము అలాగే ఉంది" అనండి.

కాస్త గట్టిగానే అనండి.