రీల్లో ఆఖరి ఫోటో

బందరులో మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ మూసేసిన గది. దివిసీమలో కాలవ తవ్వుతుంటే దొరికిన అమ్మాయి రాతిబొమ్మ ఒకటి గోడవారగా నిలబడి ఉంది. దాని పక్కన, ఫోటోలో పడనంత ఎడంగా, కొత్త పెళ్ళికూతురు కొవ్వొత్తి పట్టుకుని కూర్చుంది. ఆమె భర్త కెమెరా వెనక ఉన్నాడు.

"ఇంకాస్త కిందికి దించు. ఆ అరిగిపోయిన పెదవుల దగ్గర నీడ పడగానే ఎలా నవ్వుతోందో చూడు!"

"నిజమేనండోయ్! పొద్దున ఎండలో చూస్తే అసలు మొహమే లేదు."

"అందుకే కొవ్వొత్తులు తెమ్మన్నాను."

"రీల్లో ఇంకొక్క ఫోటోయే వస్తుందన్నారు. అది నాకు తీసి పంపిస్తానని గుడివాడలో అమ్మకి మాటిచ్చారు."

"అవును, ఇచ్చాను."

"పోనీలెండి, నేనెక్కడికి పోతాను? రేపు ఈవిణ్ణి మద్రాసు మ్యూజియానికి పట్టుకెళ్ళిపోతారుగా. ఆవిడకే తియ్యండి."

"ఎంత మంచిదానివి! ఇదిగో, రెండో కొవ్వొత్తి నీకు ఇటుపక్కన పెడుతున్నాను. షట్టర్ మూసేదాకా కదలకూడదు."

"ఇంకోటి ఎందుకండీ?"

"తెరిచేశాను. ష్!"

"అయ్యో, గోడమీద నా నీడ! ముక్కూ, జడా, పూలూ, అన్నీ బొమ్మ పక్కనే పడ్డాయి!" పెదవులు కదపకుండానే గొణిగింది ఆమె.

"పడనీ. మీ అమ్మగారికి పంపేది ఈ ఫోటోయే."

"అత్తారింటికెళ్ళి ఇంత నల్లబడిపోయానేమిటని అమ్మ ఏడుస్తుందండీ!"

"నవ్వకు, కదులుతావు!"

రాతి అమ్మాయి హాయిగా నవ్వుతూనే ఉంది. ఈ అమ్మాయి మాత్రం షట్టర్ మూసుకునేదాకా నవ్వంతా బుగ్గల్లో బిగబట్టుకుని కూర్చుంది.