ఓర్వకల్లు కొండ దాటిన సిగ్నలు

కడపలో మా లాడ్జికి వైర్‌లెస్ ఇంటర్నెట్ బిగించింది శేషన్నే. ఆదోని దిక్కు మనిషి. మా ఆయన చనిపోకముందు చేసిన ఆఖరి ఖర్చు అది. రెండు బోర్లు వేయించినంత. నీళ్ళు పడని బోర్లు. ఒక పెద్ద పెట్టె, అంతస్తుకొక చిన్న పెట్టె. పెద్దది చెప్పినట్టు చిన్నవి వినాలి. అందుకు ఏటేటా లైసెన్సు దుడ్లు కట్టాలి. గదుల్లో మాత్రం సిగ్నలు లేదు.

పైన దిగిన గాలిమరల ఇంజనీర్లు, సాయంత్రానికి సిగ్నలు రాకపోతే ఖాళీ చేస్తామన్నారు. వాళ్ళు పోతే లాడ్జిని మరిదికి బాడుగకు ఇచ్చేయడమే. శేషన్నను పిలిపించినాను. పెద్ద పెట్టె ముందు కూర్చొని చూసినాడు. "అన్నీ పచ్చ లైట్లేనక్కా. తప్పు వాళ్ళ ల్యాప్‌టాపులది," అన్నాడు. అరుగు మీదికొచ్చి టీ చెప్పించుకున్నాడు.

"ఖర్చు తలుచుకొని కుమిలిపోవద్దక్కా. ఓర్వకల్లు కాడ బండల ఫ్యాక్టరీకి ఇదే బిగించినా. నాలుగు షెడ్లు, నాలుగు చిన్న పెట్టెలు, ఆఫీసులో పెద్దదొకటి. ధర చెప్పంగానే ఓనరు మహానంది తల పట్టుకున్యాడు. 'ఇన్ని దుడ్లా! బజార్లో నాలుగు పెట్టెలు కొని గోడకు కొట్టుకుంటే పాయ గదా' అన్యాడు. 'అన్నా, అవి నాలుగు తిక్క కోడండ్లు, ఒకదాని మాట ఒకటి ఇనదు. పైన ఒక అత్త ఉండల్ల. దుడ్లన్నీ ఆ అత్తకే' అన్యా. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"కొట్లాటయ్యింటాది," అన్నాడు దాసన్న. మా ముందర టీ బంకు ఆయనదే.

"ఇనప్పా ముందు! స్విచ్చి ఎయ్యంగానే సిగ్నలు షెడ్లు నిండి, గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురుగా ఉండే రాళ్ళకొండను గూడా దాటిపాయ. కొండ మీది మేకలు మేత ఇడిసి, చెవులు ఆ దిక్కే తిప్పి నిలబడె. పెద్ద పెట్టె ఊరుకుంటాదా? ఆ ఊరి మేకలను ఉండనిచ్చి, పక్కూరి మేకలను పాస్‌వర్డు లేదని తోలేసినాది!"

"మేకలకు పాస్‌వర్డు ఎవురు చెప్పిరి?" అన్నాడు దాసన్న.

"పెద్ద మేకకు చెప్తే అదే మిగతా వాటికి చెప్పుకుంటాది. సెంట్రల్ కంట్రోలంటే అదే గదప్పా! ఇంక నంద్యాల బస్సు ఆ సిగ్నల్లో దూరె. డ్రైవరు నిద్రపాయ. బస్సును స్టాండులో తెచ్చి ఆపింది ఎవురనుకుంటివి? పెద్ద పెట్టె! ఆ తర్వాత ఏమైందో తెల్సా? సిగ్నలు పోయి పోయి మబ్బులకు తగిలినాది. చినుకు మొగం చూడని నేల అది. పెద్ద పెట్టె మబ్బులను వరసలో నిలబెట్టి, నువ్వు ఈ చేను, నువ్వు ఆ చెరువు అని పంచిపెట్టె. ఎండిన బోర్లు గూడా పొంగె. మహానంది ఏడ్చుకుంటా వచ్చి, 'శేషన్నా, పదేండ్ల లైసెన్సు ఇప్పుడే కట్టేస్తా' అన్యాడు."

దాసన్న ఆకాశం దిక్కు చూసినాడు. "మన కడప మబ్బులకు లైసెన్సు అయిపోయినట్టుండాది."

నాకు నవ్వు రాలేదు. పైన సూట్‌కేసులు ఈడ్చే చప్పుడు. ఒక్కటే అడిగినాను. "ఆ చిన్న పెట్టెలు యాడ పెడ్తివి శేషన్నా?"

"యాడ పెడతారక్కా? ఒక్కోటి పాడిబర్రె ధర. గోడకు తగిలిస్తే తెల్లారేసరికి ఉంటాదా? ఈడ దుప్పట్ల బీరువాల్లో పెట్టినట్టే, ఆడ గూడా ఇనప బీరువాల్లో పెట్టి, వెనక బొక్క జేసి వైరు లాగి, తాళాలు ఓనరు చేతికిచ్చినా."

నా చెయ్యి నడుముకున్న తాళాలగుత్తి మీదికి పోయింది.

మా ఆయన సెల్లు కూడా కింది బీరువాలోనే ఉంది. రోజూ చార్జింగు పెట్టి మళ్ళీ లోపల దాస్తాను. మా అమ్మాయి అమూల్య తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. సాయంత్రం మెస్సుకు పోయేముందు వాళ్ళ నాన్న నంబరుకు ఒకసారి ఫోను చేస్తుంది. కవరేజీలో లేదని వస్తుందట. మనిషే లేనప్పుడు కవరేజీ ఏముంటుందిలే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"కొండ దాటిన సిగ్నలు మా బీరువా తలుపు దాటలేకపోయిందా శేషన్నా?" అన్నాను.

శేషన్న గ్లాసు నోటికాడ ఆగిపోయింది. దాసన్న నవ్వు ఆపుకోలేక బంకు గుంజ పట్టుకున్నాడు.

"అత్త కోడండ్లను బీరువాలో ఏసి తాళం బెట్టి, 'మా ఇంట్లో అందరూ పచ్చగుండారు' అని చెప్తాండాదప్పా!" అన్నాడు.

శేషన్న గ్లాసు కింద పెట్టినాడు. లేచి స్టూలు, సుత్తి తెచ్చినాడు. నేను తాళాలు తీసినాను. చిన్న పెట్టెలను ఒక్కో అంతస్తులో నడవా గోడకు ఎత్తుగా కొట్టినాడు. మా ఆయన సెల్లు తెచ్చి కౌంటరు మీద పెట్టినాను.

కాసేపటికి పైమెట్ల మీంచి ఒక ఇంజనీరు వంగి చూసినాడు. "వచ్చిందమ్మా! మావాళ్ళు ఇంకో నలుగురు వస్తారు, గదులుంటాయా?"

ఉంటాయన్నాను. రిజిస్టరు తెరిచి పెట్టినాను.

అప్పుడే కౌంటరు మీద సెల్లు మోగింది. ఎత్తినాను.

"నాన్న సెల్లు మోగిందేమ్మా?" అంది అమూల్య.

"బీరువాలోంచి బయటికి తీసినా," అన్నాను.

శేషన్న ఇంకా కింది నడవాలో స్టూలు మీదే ఉన్నాడు. సుత్తి పైకెత్తినాడు.

"చూస్తివా దాసన్నా! తిరుపతి దాకా పోయినాది నా సిగ్నలు!"

ఈసారి ఎవరం కాదనలేదు.