సొరకాయ నాడి

అమెరికాలో, ట్రాయ్‌లోని తమ ఇంట్లో, చర్చి నుంచి వచ్చి కూర్చోగానే, పర్సిస్ తన భర్త షాలేం రాజు మణికట్టుకు కొత్త బీపీ మిషన్ కట్టింది. అది నూట తొంభై చూపించింది. ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

“మణికట్టు మీద కనికట్టు చేస్తోందే ఇది!”

“చెయ్యి గుండె ఎత్తులోనే పెట్టించానండీ. సొరకాయ కోతలు మాని కారెక్కండి, ఎమర్జెన్సీకి పోదాం.”

“కోతలా? బ్యాక్‌యార్డ్‌లో కోసుకొచ్చావే, ఆ సొరకాయ ఇలా ఇవ్వు. దీనికీ బీపీ ఉందంటే మిషన్ చెత్తేనని ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోకపోతే మీరు కదలరుగా. కట్టండి.”

“చూడు! నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు. నాడి డెబ్బై రెండు. నీకంటే ఆరోగ్యంగా ఉందే! రేపే మిషన్ రిటర్న్ చేసేద్దాం.”

“ఒక్కసారి మళ్లీ మీ చెయ్యివ్వండి.”

“ఇదిగో. ఎంతట?”

“ఎర్రర్. నాడి దొరకలేదంటోంది.”

“వదులుగా కట్టుంటావు.”

“బిగించానండీ. మళ్లీ ఎర్రరే. ఏమండీ, మీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?”

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. బల్ల మీది సొరకాయను తాకి చూశాడు. అది వెచ్చగా ఉంది. వేళ్ల కింద ఏదో మెల్లగా కొట్టుకుంటోంది.

“పర్సీ, కార్ తియ్యి.”

“హమ్మయ్య, పదండి. దీన్ని ఫ్రిజ్‌లో పడేసి వస్తా.”

“వద్దే! చలికి తట్టుకోదు. నా ఒళ్లో పెట్టు. గతుకులు చూసుకుని డ్రైవ్ చెయ్యి.”