సంచిలో మూసిపెట్టిన కూత

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు పరిచే వరుస ఎక్కడ ఆగుతుందో అక్కడ శంకరమ్మ చాయ్ బండి ఉంటుంది. బండి వెనక మెట్ల కింద, గిటార్లూ హార్మోనియంలూ బాగుచేయబడునని బోర్డు పెట్టుకున్న పరశురాం దుకాణం. దుకాణంలో కూర్చుంటే చేతులకు పని, బండి ముందు బెంచీ మీద కూర్చుంటే నోటికి పని. ఆయన రోజంతా ఎక్కడ కూర్చుంటాడో చెప్పక్కర్లేదు.

ఆ ఆదివారం మూడు గంటలకు హైందవి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల. దసరా తెల్లారి తన ఎలక్ట్రిక్ గిటార్ ఇచ్చిపోయింది, మూడు వారాలైంది.

“కాకా, గిటార్ అయిందా?”

“అయిందా అని అడుగుతున్నవా బిడ్డా. కూసో. అక్కా, పిల్లకొక చాయ్.”

“కూసునే టైమ్ లేదు. నాలుగింటికి గన్‌ఫౌండ్రీల బ్యాండోళ్ళ ముందట వాయించాలె. వీడియో పంపితే ఏమన్నరంటే, అంతా బాగుంది గని పించ్ హార్మోనిక్ వినవడ్తనే లేదు, ఎదురుంగ వచ్చి వాయించు, అప్పుడు చూస్తమన్నరు. ఉన్నది ఒక్క జాగ. ఇంకిద్దరు పోటీ ఉన్నరు.”

“ఏందది, పించి?” అన్నాడు ఆటో బాలరాజు, చాయ్‌లో బిస్కట్ ముంచుతూ.

పరశురాంకు కావలసింది ఆ ప్రశ్నే. కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

“జర ఇను బాలరాజూ. గిటార్ కొట్టేటందుకు చేతిల పిక్ అని చిన్న బిళ్ళ ఉంటది. మామూలోడు సగం బిళ్ళ బయటికి పెట్టి కొడతడు. గట్ల కాదు. మొన బియ్యపుగింజంత బయట ఉండాలె, మిగతాదంతా వేళ్ళ సందుల. కొట్టంగనే బొటనేలు అంచు తీగకు తగిలీ తగలనట్టు తగలాలె. అప్పుడు తీగ తన మామూలు గొంతు ఇడిసిపెట్టి కీసుమని కూత పెడతది. ఈ పిల్ల గిటార్ల అది దోమ లెక్క వస్తున్నది. ఎందుకు? తీగల కింద అయస్కాంతం పెట్టె, దాన్ని పికప్ అంటరు, అది లోపటికి కుంగింది. రెండు దిక్కుల రెండు పేచులు, గవే స్క్రూలు, ఉంటయి. తిప్పి పైకి లేపితే తీగకు దగ్గరైతది, కూత పెరుగుతది. గంతే.”

“గంతేనా?” అంది హైందవి. “మరి మూడు వారాలేం చేసినవ్?”

“వేరేటోనికి గంతే బిడ్డా. నా చేతిల పడ్డది గదా, గందుకే గింత కథ అయింది. మొన్న బుధవారం మధ్యాన్నం, పేచు పావు చుట్టు తిప్పిన. పావే. ఒక్కసారి కొట్టి చూసిన. ఈ బండి మీది గిలాసలన్ని గల్లుమన్నయి.”

“నా గిలాసలు ఎప్పుడు మోగినయి?” అంది శంకరమ్మ, పాలు కలుపుతూ.

“నువ్వు పాల ప్యాకెట్లకు పోయినవక్కా. సరే, ఇంకో పావు తిప్పిన. మళ్ళ కొట్టిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఫుట్‌పాత్ మీద పుస్తకాలన్ని ఒక్కసారే తెరుచుకొని ఫరఫరమని పేజీలు తిప్పుకున్నయి. ఒకాయన పొద్దటిసంది ఏదో లెక్క కోసం ఎతుకుతున్నడు, పుస్తకం దానంతట అదే గా లెక్క కాడికి పోయి ఆగింది. ఆయన నాకు దండం పెట్టి పోయిండు.”

“బుధవారం పుస్తకాలు పెట్టరు గదన్నా,” అన్నాడు బాలరాజు.

“ఆదివారానికని ముందుగాల తెచ్చి పెట్టుకున్నరు. మధ్యల అడ్డం రాకు. చౌరస్తాల ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉంటడు గద, ఆయన నోట్ల సీటీ ఉన్నది, ఊదలేదు, నా కూత చెవుల పడ్డది. సీటీ తీసి చేతిల పెట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్నడు పాపం, నేను ఊదకుంటనే ఎట్ల మోగిందని. అన్ని దిక్కుల బండ్లు ఆగినయి. పది నిమిషాలు అబిడ్స్‌ల హారన్ లేదంటే నువ్వే సోంచాయించు.”

హైందవి ఫోన్ చూసుకుంది. మూడూ పది.

“కాకా, గిటార్ ఇయ్యి. నేను పోతా.”

“ఇస్త, ఇస్త. అసలుది ఇనాలె గద. అప్పుడు పేచు పూర చుట్టు తిప్పిన, బొటనేలు జర పక్కకు జరిపి కొట్టిన. అది పోయింది బిడ్డా, సీదా నాంపల్లి స్టేషన్‌కు పోయింది. మూడో నెంబరు ప్లాట్‌ఫారం మీద రైలు నిలబడ్డది. డ్రైవర్ కిందికి దిగి చాయ్ తాగుతున్నడు. రైలుకేం ఎరుక, కూత ఇనవడ్డది, కదిలింది. డ్రైవర్ గిలాస పట్టుకొని ఎంబడి ఉరుకుతున్నడు. నాకు ఈడ కూసున్న కాడనే తెలిసింది.”

“ఎట్ల తెలిసింది?”

“తీగ వేళ్ళ కింద బరువెక్కింది బాలరాజూ, రైలు దానికి తగులుకొని పోతున్నది. లక్డీకాపూల్ దాక పోయింది. అప్పుడు నేనేం చేసిన? హార్మోనిక్ వచ్చినాక ఎడమ చెయ్యి వేలుతోని తీగను ఊపాలె, గట్ల ఊపితేనే కూతకు బలం. ఊపిన. ఊపి ఊపి, ఇట్ల జర జర గుంజుకుంట రైలును ఎనక్కి తెచ్చి అదే ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన. ఎక్కినోళ్ళు ఊరొచ్చిందని సామాన్లు దించుకున్రు. ఒకామె ఆటో మాట్లాడుకొని వాళ్ళ చెల్లె ఇంటికి పోవాలంటున్నది, బీదర్‌ల.”

“నా ఆటో అయితే ఎక్కలేదు,” అన్నాడు బాలరాజు.

“నీ అదృష్టం. ఇగ గుంజిన జోరుకు కూత అటు తిరిగి అఫ్జల్‌గంజ్ మీదికెళ్ళి మూసీల పడ్డది. నీళ్ళు రెండుపాయలై గోడల లెక్క నిలబడ్డయి. సిటీ బస్సోళ్ళు చూసిన్రు, బ్రిడ్జి మీద రష్ ఎందుకని నదిలకెళ్ళే అవతలికి పోయిన్రు. ఒక్క బస్సుకు టైరు తడవలే.”

శంకరమ్మ గరిటె ఆపి చూసింది. “వాసన సుత పోయిందా?”

“రెండు గంటలు మల్లెపూల వాసన వచ్చిందక్కా. అయిపాయె అనుకున్నవా? కూత ఆగలే. భూమంతా తిరిగింది. గురువారం పొద్దుగాల నేను దుకాణం తెరుస్తున్న, ఎనకకెళ్ళి సన్నగ కీసుమని వస్తున్నది. అలిసిపోయింది పాపం. గిటార్ సంచి తెరిచి పట్టిన, లోపటికి దూరింది. గబగబ జిప్పు ఏసిన. గది సంగతి. ఇప్పుడు నువ్వు సంచి తెరుస్తే అబిడ్స్‌ల అద్దాలుండయి. ఇంకో నాలుగు రోజులు చల్లారనియ్యి, బిడ్డా, నీ మంచికోసమే చెప్తున్న.”

అదీ అసలు సంగతి. రైలు లక్డీకాపూల్ పోయి వచ్చింది, కూత భూమి చుట్టి వచ్చింది, ఇంత తిరుగుడూ ఒక్క జిప్పు తెరవకుండా ఉండటానికే.

“నాలుగు రోజులకు ఆ జాగ ఉండదు కాకా,” అంది హైందవి. గొంతు పెంచలేదు. మెట్ల కిందికి వంగి, కుర్చీ వెనక దుమ్ము పట్టి ఉన్న నల్ల సంచిని తెచ్చి బెంచీ మీద పెట్టింది. పరశురాం చెవులు మూసుకున్నాడు. జిప్పు చివరిదాకా జరిగింది.

ఏ చప్పుడూ లేదు. పుస్తకాల దగ్గర ఎవరో బేరమాడుతున్నారు, అంతే.

“ఇటు చూడు కాకా.”

గిటార్ ఆరు తీగలనూ కలిపి, సరిగ్గా పిక్ ఆడాల్సిన చోట, పసుపుదారం మూడు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. ముడిలో ఎండిన బంతిరేకు ఒకటి. పికప్‌కు రెండు పక్కలా పేచుల మీద రెండు కుంకుమబొట్లు, పెట్టినవి పెట్టినట్టే.

“దసరా నాడు ఆయుధపూజల మా నానమ్మ కట్టింది. ముడి బాగుచేసెటోని చేతులతోనే ఇప్పించాలె, అప్పటిదాక ఎవ్వరు ముట్టొద్దన్నది. నేను సుత ముట్టలే, భయపడి. మూడు వారాలు నీ మీద నమ్మకంతోని వాయించుడు బంద్ చేసి కూసున్న. దారం తెగలే, ముడి ఊడలే. రైలును దేనితోని గుంజినవ్?”

పరశురాం వంగి దారాన్ని చూశాడు. కానీ ఆ నోరు అంత తేలిగ్గా పడిపోయేది కాదు.

“దారం తెగకుండ కొట్టుడే ఉస్తాద్ పని బిడ్డా. పూజ దారం తెంపుతనా నేను?”

“పేచు పూర చుట్టు తిప్పిన అంటివి గదన్నా,” అన్నాడు బాలరాజు, వంగి చూస్తూ. “బొట్టు పగుల్లేదు.”

దీనికి జవాబు వెతుక్కోవడానికి ఆయన చాయ్ గిలాస ఎత్తుకున్నాడు.

హైందవి ఎదురు చూడలేదు. “బాలరాజన్నా, ఆటోల పేచ్‌కస్ ఉందా?” అంది. దారం ముడి గోటితో విప్పి, కళ్ళకద్దుకొని తన మణికట్టుకు చుట్టుకుంది. పేచ్‌కస్ కుంకుమలో గుచ్చి, ఒక పక్క చుట్టున్నర, ఇంకో పక్క చుట్టున్నర తిప్పింది. పికప్ మెల్లగా పైకి లేచింది. నడుముకు తగిలించుకున్న సబ్బుపెట్టెంత స్పీకర్‌కు వైరు పెట్టి, తీగలు శ్రుతి చేసుకుంది. పిక్ మొన బియ్యపుగింజంత బయట ఉంచింది. కొట్టింది. మొద్దుగా ‘డబ్’ మంది.

“చూసినవా,” అన్నాడు పరశురాం, ప్రాణం లేచి వచ్చి. “అందరితోని అయ్యే పని కాదది.”

ఆమె బొటనవేలు వెంట్రుకవాసి పక్కకు జరిపి మళ్ళీ కొట్టింది, ఎడమచేత్తో తీగను ఊపింది.

కూత వచ్చింది. సన్నగా, పదునుగా, బెంచీ మీద ఉన్నవాళ్ళ పళ్ళు జివ్వుమనేలా వచ్చి, ఊగి, నిలబడింది. పుస్తకాలు చూస్తున్న నలుగురు తలలు తిప్పారు. పరశురాం బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు, గిలాసలో చాయ్ సగం అంగీ మీద పడింది.

“ఏందది? ఏం పగిలింది?” అన్నాడు అటూ ఇటూ చూస్తూ.

హైందవి గిటార్ సంచిలో పెట్టుకుంటోంది. బాలరాజు ఆటో స్టార్ట్ చేసి, “ఎక్కు చెల్లే, అయిదు నిమిషాల గన్‌ఫౌండ్రీల దించుత” అన్నాడు.

శంకరమ్మ పరశురాం అంగీ వైపు తడిగుడ్డ విసిరింది.

“ఏం పగల్లే పరశురాం. గురువారం నువ్వే సంచిల ఏసి జిప్పు పెడితివంట గద. గుర్తుపడ్తలేవా?”